చిన్న అక్షరాల వాట్లు

నేను ఇప్పటికి పదకొండు నవలలు రాశాను. అందులో కనీసం తొమ్మిదింటిలో హీరోకి కారుంది. తెల్లకారు, నల్లకారు, వానలో ఆగిపోయే కారు, హీరోయిన్ చీర మీద బురద చిమ్మే కారు... అడిగినవాడికల్లా కొనిపెట్టాను. కాగితం మీద కార్లకి ఖర్చేముంది చెప్పండి? అయితే ఇన్ని కార్లలో ఒక్కదాని డిక్కీ అయినా తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆ లోటు ఈ మధ్యనే తీరింది.

మా తమ్ముడు కొత్త కారు కొనుక్కుంటూ, పాత కారులో ఉన్న సబ్‌వూఫర్ ఊడదీయించి మేనల్లుడికి పంపించాడు. పన్నెండంగుళాల స్పీకరు, నల్లటి తివాచీ గుడ్డ అంటించిన చెక్కపెట్టెలో దర్జాగా కూర్చుని ఉంది. హాల్లో దించగానే మా పనిమనిషి చుట్టూ తిరిగి చూసి, "కొత్త పిండిమరా అమ్మా?" అంది. నాక్కూడా అంతకంటే ఎక్కువేం తెలియదు కనుక నవ్వలేదు.

తెలియనివారి కోసం చెబుతున్నాను, తెలిసినవారు నవ్వుకున్నా ఫరవాలేదు. పాటలో గొంతులూ వేణువులూ వీణలూ మామూలు స్పీకర్లు పలికిస్తాయి. మృదంగంలో ఎడమచేతి వైపు వినిపించే ఆ బరువైన గుంభనం ఉంది చూశారూ, అది చిన్న స్పీకర్ల వల్ల కాదు. దానికి గాలిని బాగా తోయాలి. తోయడానికి పెద్ద స్పీకరు కావాలి. ఆ పెద్ద స్పీకరుని కదిలించడానికి బలం కావాలి. కార్లో మామూలుగా వచ్చే స్టీరియో ఒక్కో స్పీకరుకి ఇచ్చేది పదిహేను ఇరవై వాట్లు. దానితో ఈ పిండిమర తిరగదు. మధ్యలో యాంప్లిఫయర్ అనే పెట్టె ఉండాలి. మా తమ్ముడు ఏనుగునైతే ఇచ్చాడు గానీ అంకుశం ఇవ్వలేదు.

ఫోన్ చేసి అడిగితే, "అది కాలిపోయిందక్కా" అన్నాడు తేలిగ్గా.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే యాంప్లిఫయర్ కథ నవల రాసేదానికి ఎందుకని మీకు అనుమానం రావచ్చు.

మావాడు ఇంజనీరింగు మూడో సంవత్సరం. ఇంటర్ మొదటి సంవత్సరంలో వాడికి 470కి 466 వచ్చాయి. మావారికి ఆ అంకె తారకమంత్రం. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, బ్యాంకులో, చివరికి రైల్లో పక్కసీటు వాళ్లకి కూడా "మావాడికి నాలుగువందల అరవై ఆరు" అని చెప్పేవారు. రెండో సంవత్సరం ఇంజనీరింగులో రెండు పేపర్లు పోయాయి. అంతే! ఆ రోజు నుంచీ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. "మీవాణ్ణి భోజనానికి రమ్మను" అని ఆయనా, "నాన్నకి కారు తాళాలు బల్ల మీద ఉన్నాయని చెప్పు" అని వాడూ. ఇద్దరూ ఒకే గదిలో ఉండగానే! రెండు నెలలపాటు నేను ఆ ఇద్దరి మధ్య వైరునై బతికాను.

సబ్‌వూఫర్ చూసి మావారు ఒకటే మాట అన్నారు. "రెండు సబ్జెక్టులు తప్పినవాడికి మోత ఒకటే తక్కువైంది."

"నా డబ్బులతో కొనుక్కుంటానని చెప్పమ్మా" అన్నాడు వాడు, నా వంక చూస్తూ.

వాడి డబ్బులంటే ఎనిమిది వేలు. మా అపార్ట్‌మెంట్లో ముగ్గురు పిల్లలకి సాయంత్రాలు లెక్కలు చెబుతాడు. అందులోంచి మిగుల్చుకున్నది. కారేమో మావారిది. ఆయన వద్దని అనలేదు, ఊ అనీ అనలేదు. మౌనం అర్ధాంగీకారమని సర్దుకుని, వాడికి తోడుగా నేను కోఠీ బయల్దేరాను.

కోఠీలో గుజరాతీ గల్లీ మీకు తెలిసే ఉంటుంది. ఆ సందులో అడుగుపెడితే వైర్లు, స్పీకర్లు, బల్బులు, బోర్డులు... ఎలక్ట్రానిక్స్‌లో దొరకనిదంటూ ఉండదు. ఒక షాపాయన మమ్మల్ని కూర్చోబెట్టి, నీలంరంగు లైట్లు వెలిగే ఒక పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. దాని అట్టపెట్టె మీద నా అరచేతంత అక్షరాల్లో 4000 వాట్లు అని ఉంది.

"తీస్కోండి మేడమ్, మస్తుంటది. అయిదున్నర వేలే."

నాలుగువేల వాట్లు అయిదున్నర వేలకి! వాటు రూపాయిన్నర కూడా పడదు. బెండకాయలు బేరమాడిన బుర్ర నాది, టకటకా లెక్కకట్టి పర్సు తెరవబోయాను. మావాడు మాత్రం ఆ పెట్టెని వెనక్కి తిప్పి, వైర్లు తగిలించేచోట వేలుపెట్టి ఏదో చూసి, "థాంక్సండీ, మళ్లీ వస్తాం" అని లేచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ షాపాయన మాకు చాయ్ కూడా తెప్పించాడు మరి.

దారంతా మాట్లాడలేదు నేను. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ అడిగేశాను. "నాలుగువేల వాట్లు ఇస్తానంటే కాదన్నావు. ఇంకెన్ని కావాలి నాయనా నీకు?"

"రెండువందల యాభై" అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మావారు పేపరు చదువుతున్నారు. పేపరు కదల్లేదు గానీ పేజీ తిప్పడం ఆగిపోయిందని గమనించాను.

అప్పుడు మావాడు ఆ ముగ్గురు పిల్లలకి చెప్పినట్టే నాకూ చెప్పడం మొదలుపెట్టాడు. మామయ్య ఇచ్చిన సబ్‌వూఫర్ తీసి వెనక చీటీ చూపించాడు. పైన పెద్ద అక్షరాల్లో 1200 వాట్లు, పీక్. దానికింద చీమతలకాయంత అక్షరాల్లో 250 వాట్లు, ఆర్.ఎం.ఎస్.

"పీక్ అంటే ఒక్క క్షణం ఎగిరితే అందేది. ఆర్.ఎం.ఎస్. అంటే గంటలతరబడి మోయగలిగేది. కొనేటప్పుడు చూడాల్సింది రెండోది. స్పీకరు ఎంత మోస్తుందో యాంప్ కూడా నిలకడగా దాదాపు అంతే ఇవ్వాలి. మరీ తక్కువదైతే మనం సౌండ్ పెంచేస్తాం, అది చాలక గొంతు చించుకుంటుంది. ఆ చిరుగుల సౌండ్ స్పీకరు కాయిల్ని కాల్చేస్తుంది."

పెళ్లిచూపులనాడు మావారు చల్లటి గొంతుతో, "నాకు కోపమంటే ఏమిటో తెలియదండీ" అన్నారు. అది పీక్ అని ఈ పాతికేళ్లకి తెలిసింది. అయితే పైకి అనలేదు.

"మరి షాపులో వెనక్కి తిప్పి చూశావే, అదేమిటి?"

"ఫ్యూజు. అట్టపెట్టె అబద్ధం చెబుతుంది గానీ ఫ్యూజు చెప్పదమ్మా." కాగితం తీసుకున్నాడు. "దానికి 25 ఆంపియర్ల ఫ్యూజుంది. కార్లో ఉండేది 14 వోల్టులు. పాతిక పద్నాలుగులు మూడువందల యాభై. అంటే అది బ్యాటరీ నుంచి నిలకడగా తీసుకోగలిగిందే 350 వాట్లు. అందులోనూ అది క్లాస్ ఏబీ రకం, దాదాపు నలభై శాతం వేడికింద పోతుంది. మిగిలేది 210. నాలుగువేలు ఇవ్వాలంటే, వేడికింద ఏమీ పోకపోయినా, 285 ఆంపియర్లు లాగాలి. అంత లాగితే ఆ ఫ్యూజు ఎప్పుడో ఎగిరిపోతుంది."

పేపరు కిందికి దిగింది.

"పద్నాలుగెక్కడివి? కారు బ్యాటరీ పన్నెండు వోల్టులు కదా?"

రెండు నెలల తర్వాత తండ్రి నేరుగా కొడుకుతో అన్న మొదటి మాట అది. ఎంత గొప్ప మాటో చూడండి! నా నవలల్లో అయితే ఈ ఘట్టానికి వాన కురిపించి ఉండేదాన్ని.

మావాడు ఒక్క క్షణం తడబడ్డాడు. "ఇంజను ఆపి ఉంటే పన్నెండున్నర దాకా ఉంటుంది నాన్నా. ఇంజను నడుస్తుంటే ఆల్టర్నేటర్ ఛార్జి చేస్తుంది కదా, అప్పుడు పద్నాలుగు దగ్గరికొస్తుంది."

"ఊ" అన్నారాయన. పేపరు మడిచారు. లెక్కల్లో తప్పు దొరకని బ్యాంకు ఆఫీసరు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన ముఖం. ఆ తర్వాత కాగితం తన వైపు లాక్కున్నారు.

ఇక ఆ రాత్రి పదిన్నర దాకా మా భోజనాల బల్ల మీద పాఠం సాగింది. క్లాస్ డి అనే రకం ఎక్కువభాగం శక్తిని సౌండ్‌కే ఇస్తుందని, నూటికి ఎనభై దాకా తేలికగా దక్కుతుందని, వేడి తక్కువని, సబ్‌వూఫర్‌కి అదే చవకగా కుదురుతుందని తెలిసింది. పేరున్న కంపెనీలు కొన్ని సి.టి.ఏ.-2006 అనే పద్ధతి ప్రకారం కొలిచి రాస్తాయట. ఇది సంవత్సరం కాదు, పద్ధతి నంబరు. 14.4 వోల్టుల దగ్గర, నాలుగు ఓమ్‌ల మీద, ఒక శాతానికి మించి అపశ్రుతి లేకుండా ఎంత ఇస్తుందో అంతే రాయాలి. ఆ ముద్ర ఉంటే పెద్ద అక్షరాల జోలికి పోనక్కర్లేదు.

ఓమ్ అనగానే నేను లెంపలేసుకున్నాను. మా నాన్నగారు పొద్దున్నే నూటెనిమిదిసార్లు అనేవారు. ఇది ఆ ఓం కాదట, జర్మనీ శాస్త్రవేత్త పేరట. కరెంటుకి అడ్డుపడే గుణం కొలత. మా సబ్‌వూఫర్‌లో రెండు కాయిల్స్ ఉన్నాయి, ఒక్కోటి నాలుగు ఓమ్‌లు. ఒకదాని వెనక ఒకటి కడితే ఎనిమిది. పక్కపక్కన కడితే రెండు. అడ్డు తగ్గేకొద్దీ యాంప్ ఎక్కువ బలం ఇస్తుంది. ఇవ్వగలిగితే సరే. మా తమ్ముడి యాంప్ నాలుగుకి తక్కువైతే తట్టుకోలేని రకం. ఎవరో "ఎక్కువ మోగుతుంది" అంటే విని రెండుకి కట్టించాడు. పైగా గాలి ఆడకుండా సీటు కింద దూర్చాడు. వేసవిలో ఒక మధ్యాహ్నం అది ప్రాణాలు వదిలింది. మోయలేనిదాని నెత్తిన మోయలేనంత పెడితే అంతే కదా.

"అయితే 250 ఎందుకు, భవిష్యత్తులో పనికొస్తుంది, 500ది తీసుకుంటే?" అన్నారు మావారు. ఇల్లు కొన్నప్పుడూ ఇలాగే ఒక గది ఎక్కువ కొన్నారు. దాన్నిండా ఇప్పుడు అట్టపెట్టెలు.

"వాట్లు రెట్టింపైతే మోత పెరిగేది మూడు డెసిబెల్సే నాన్నా. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదిరెట్లు వాట్లు కావాలి."

"అంటే రెట్టింపు డబ్బు పెట్టి..."

"కాస్త ఎక్కువ వింటాం. అంతే."

మావారికి ఇది బ్రహ్మాండంగా నచ్చింది. వడ్డీ లెక్కల్లో కూడా ఇంత అన్యాయం ఉండదన్నారు. తర్వాత కాసేపు ఆగి, కాగితం మీదే చూపు ఉంచి అడిగారు. "పోయిన పేపర్లలో ఒకటి సర్క్యూట్లది కాదూ? ఇంత తెలిసినవాడికి అదెలా పోయింది?"

నా గుండె గుభేలుమంది. కథ మళ్లీ మొదటికి వచ్చిందనుకున్నాను.

"అప్పుడు తెలీదు నాన్నా" అన్నాడు వాడు. "చదవలేదు. దీనికోసం కూర్చుని నేర్చుకున్నాను."

ఆయన ఏమీ అనలేదు. మంచినీళ్లు తాగి వెళ్లి పడుకున్నారు.

ఆదివారం పొద్దున్నే కారు తాళాలు తీసుకుని, "కారు నాది. ఏది పడితే అది బిగిస్తే ఊరుకోను. నేనూ వస్తాను" అన్నారు. ఆ మాట నాతో కాదు, వాడితోనే.

రెండో షాపులో తేల్చాం. నీలంలైట్లు లేవు. బూడిదరంగు పెట్టె, మా అటుకుల డబ్బా అంత ఉంది. ఒకే ఛానెల్, క్లాస్ డి. నాలుగు ఓమ్‌ల మీద 150, రెండింటి మీద 250. ఫ్యూజు 30 ఆంపియర్లు. ముప్పై పద్నాలుగులు నాలుగువందల ఇరవై, అందులో నూటికి ఎనభై అంటే 336. చెప్పింది 250. "ఫ్యూజు సాక్ష్యం సరిపోయింది" అన్నారు మావారు, కౌంటరు దగ్గరే జేబులోంచి పెన్ను తీసి లెక్కవేసి. ఫ్యూజు సరిపోయినంత మాత్రాన మంచిదని గ్యారంటీ లేదట, చెప్పిన అంకె అసాధ్యం కాదని మాత్రమే తెలుస్తుందట. ధర 6,200.

మిగిలిన పద్ధెనిమిది వందల్లో వైర్లు, బిగింపు. ఇక్కడ ఒక మాట మా పాఠకురాళ్లు గుర్తుపెట్టుకోండి. యాంప్‌కి డబ్బంతా పెట్టి వైరు దగ్గర పిసినారితనం చేస్తే, పట్టుచీర కొని చిరుగుల లంగా మీద కట్టుకున్నట్టే. షాపులో ముందు చూపించిన వైరు రాగిరంగులో తళతళలాడింది. మావాడు చివర కోసి బ్లేడుతో గీకాడు. లోపల తెల్లగా ఉంది. అల్యూమినియం మీద రాగి పూత! రోల్డుగోల్డు గాజులు కనిపెట్టినదాన్ని నేను, ఇది మాత్రం కనిపెట్టలేకపోయాను. అది పనికిరాదని కాదు, రాగి కన్నా కరెంటు తక్కువ మోస్తుంది. వాడాలంటే ఇంకా లావుది తీసుకోవాలి. మేం అసలు రాగి వైరే అడిగి తీసుకున్నాం.

బిగించే కుర్రాడు చురుకైనవాడు. బ్యాటరీ నుంచి వెనక్కి వైరు లాగుతూ, ఫ్యూజు యాంప్ దగ్గర పెట్టబోయాడు. "బ్యాటరీ దగ్గర పెట్టు భాయ్, అడుగున్నర లోపలే" అన్నాడు మావాడు. ఎందుకని నేనడిగితే చెప్పాడు. ఆ వైరు ఇంజను పక్కనుంచి రేకు చిల్లులోంచి కారు పొడవునా వస్తుంది. ఎక్కడైనా తొడుగు చిరిగి రేకుకి తగిలితే బ్యాటరీ బలమంతా ఆ ఒక్క వైరులో పారి మంటలొస్తాయి. ఫ్యూజు మొదట్లోనే ఉంటే తగిలిన వెంటనే అది ఎగిరి కారుని కాపాడుతుంది. మావారు అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డవారు, ముందుకొచ్చి బానెట్‌లోకి వంగి టార్చి పట్టుకున్నారు. ఆ తర్వాత రెండు గంటలూ టార్చి దించలేదు. "ఇటు నాన్నా", "కొంచెం పైకి నాన్నా" అని వాడు అంటుంటే టార్చి అటే తిరిగింది. నేను స్టూలు మీద కూర్చుని సోడా తాగుతూ చూశాను. వైరు ఉద్యోగం నుంచి నాకు ఆనాడే విడుదల.

చివర్లో ఆ కుర్రాడు గెయిన్ అనే మర పూర్తిగా తిప్పేయబోతే, మావాడు ఆపాడు. అది వాల్యూము కాదట. స్టీరియో నుంచి వచ్చే మాటని యాంప్ ఎంత దగ్గరగా చెవొగ్గి వినాలో చెప్పేది మాత్రమేనట. పూర్తిగా తిప్పితే గుసగుస కూడా అరుపై వినిపిస్తుంది. మా ఇంట్లో రెండు నెలలు అదే జరిగింది కదా అనుకున్నాను.

సాయంత్రం ముగ్గురం ట్యాంక్‌బండ్ మీదుగా ఇంటికి బయల్దేరాం. మావాడు మృదంగం తనియావర్తనం ఒకటి పెట్టాడు. మోత అనుకుని చెవులు మూసుకోబోయిన నేను ఆగిపోయాను. అది మోత కాదు. ఎడమచేతి దెబ్బ పడినప్పుడల్లా వీపుకి సీటు చిన్నగా ఆని వెళ్లింది. ఎవరో పెద్దవాళ్లు వెనకనుంచి వెన్ను నిమిరినట్టుంది. కొంచెం సేపయ్యాక మావారు స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తున్నారు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర మాత్రం నా షరతు ప్రకారం సబ్‌వూఫర్ ఆపించాను. ఇళ్ల మధ్య రాత్రి పది నుంచి ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరం నాటి నిబంధనలే ఉన్నాయి. అవి లేకపోయినా మా కింద ఫ్లాటు మామ్మగారున్నారు.

ఇదంతా అయి నెలన్నరయింది. పేపర్లు రెండూ ఇంకా రాయాల్సే ఉంది. పాసవుతాడని నేను మీకు మాటివ్వలేను. ఇదేమీ నవల కాదు కదా, చివరి అధ్యాయంలో బంగారు పతకం ఇప్పించడానికి!

మొన్న రాత్రి ఊరినుంచి మా బావగారు ఫోన్ చేశారు. పలకరింపులయ్యాక అటునుంచి ఏం అడిగారో నాకు తెలుసు. ఎప్పుడూ అడిగేదే. "అబ్బాయి ఎలా చదువుతున్నాడు?" మావారు గొంతు సవరించుకున్నారు. ఇంక నాలుగువందల అరవై ఆరు వస్తుందని నేను వంటింట్లోకి వెళ్లబోయాను.

"రెండు పేపర్లున్నాయన్నయ్యా, రాయాలి" అన్నారు. కొంచెం ఆగారు. "సాయంత్రాలు ముగ్గురు పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు. పద్నాలుగు నెలలైంది. ఒక్కరోజు మానలేదు."

పద్నాలుగు నెలలని నాకే లెక్కలేదు. చీమతలకాయంత అక్షరాలు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఎప్పుడు చదివారో!